ఎవరూ అడ్డుపడని ఆటగాడు

అత్తయ్య ఒకే ఒక్క కంచంలో వడ్డించింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, వంటింట్లో కూర్చున్న ఎవరి వంకా చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది. మేడ మీద గదిలో ఆమె కొడుకు, బావ, తలుపు వేసుకుని ఉన్నాడు.

పోటీ ఓడిపోయి వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. బావ కిందికి దిగడు. అత్తయ్య కంచం పైకి మోస్తుంది. కింద మిగిలిన ముగ్గురూ, అంటే మామయ్య, నిట్రాడు, అతని అమ్మ, ఎవరికి వారే వడ్డించుకుని, చప్పుడు చేస్తే ఎవరేమంటారో అన్నట్టు తింటారు.

నిట్రాడన్నది, గుడిసె మధ్య నిలబెట్టే రాటలా పొడుగని జట్టులో పెట్టిన పేరు. అదే ఇంటిదాకా పాకింది. తల వంచకుండా ఆ ఇంట్లో ఏ గదిలోకీ రాలేడు. ఎగిరితే రింగు మీద మణికట్టు ఆనుతుంది. పరుగులో, ఎగరడంలో, ఎదుటివాడు వేసిన బంతిని గాల్లోనే కొట్టెయ్యడంలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల ఏ కాలేజీ జట్టులోనూ లేడు. ఒక్కటే లోటు. బాస్కెట్‌బాల్ ఆడతాడు గానీ బాస్కెట్‌లో బంతి వెయ్యడు. చేతికొచ్చిన బంతిని, పొయ్యి మీది గిన్నె ఒట్టి చేతులతో పట్టుకున్నవాడిలా, ఆ క్షణమే ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

ఆ రోజూ అదే చేశాడు. ఆట ముగిసిపోతోంది. వీడెలాగూ వెయ్యడని తెలిసిన ఎదుటి జట్టు, రింగు కింద నిలబడ్డ నిట్రాణ్ని గాలికొదిలేసి, ఏకంగా ఇద్దరిని బావ మీదికి వదిలింది. సరిగ్గా అప్పుడే బంతి నిట్రాడి చేతికొచ్చింది. చెయ్యెత్తి వదిలితే చాలు. అతను మాత్రం వెతికి వెతికి, ఇద్దరి మధ్య ఇరుక్కున్న బావకే ఇచ్చాడు. బావ వేశాడు. అది రింగుకు తగిలి బయట పడింది. మర్నాటి నుంచి నలుగురి నోళ్లలో నానింది బావ పేరే.

అత్తయ్య ఖాళీ చేతులతో దిగివచ్చింది. మామయ్య గొంతు సవరించుకుని, నిన్న కళ్లు చూపించుకోవడానికొచ్చిన ఒక ముసలాయన గోడ మీది పటంలో అక్షరాలన్నీ తప్పు చదివి, చివరికి పటమే తప్పుగా అచ్చేశారని దబాయించాడని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వడం సగంలో ఆపేశాడు.

మామయ్యది కళ్లద్దాల దుకాణం. ముందు గదిలో ఆయన కళ్లు పరీక్షిస్తాడు. వెనక గదిలో అమ్మ, అద్దాలను ఫ్రేము కొలతకు అరగదీసి బిగిస్తుంది. భర్త పోయాక, నడక కూడా సరిగ్గా రాని బిడ్డను చంకనేసుకుని తమ్ముడింటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె పని అదే, చోటు అదే.

"వాడు ఆట మానేస్తాడట," అంది అత్తయ్య. మాట మామయ్యతో. చూపు గిన్నెల మీద.

కోపం తగ్గితే వాడే దారికొస్తాడని మామయ్య అన్నాడు.

"ఎందుకు తగ్గుతుంది? తప్పొకరిది, తలవంపులింకొకరివి."

"ఆటన్నాక గెలుపూ ఓటమీ..."

"ఆట సంగతి నాకు తెలీదండీ. మీరంతా తెలిసినవాళ్లు. చేతిలో ఉన్నదాన్ని తను వెయ్యకుండా నా కొడుకు నెత్తిన రుద్దడాన్ని ఏమంటారో మీరే చెప్పండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనరూ?"

నిట్రాడు తలెత్తలేదు. అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఆమె దాన్ని తిన్నది. కంచంలో ఉన్నదంతా, మెతుకు మిగల్చకుండా తిని, లేచి, కంచం కడిగి బోర్లించింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ చాలా మామూలుగా చెప్పింది.

"దుకాణం వెనక వీధిలో ఒక గది ఖాళీగా ఉందిట, తమ్ముడూ. ఇవాళ చూసొస్తాను."

"గదా? ఎవరికక్కా?"

"మాకే."

అత్తయ్య ఒక గిన్నె మీద మూత పెట్టింది. ఆ మూత సరిపోలేదు. ఇంకో మూత వెతికింది.

*

కాలేజీకి వెళ్లేముందు నిట్రాడు దుకాణం వెనక గదిలోకి వెళ్లాడు. అమ్మ సాన ముందు కూర్చుని, వేళ్ల మధ్య అద్దాన్ని మెల్లగా తిప్పుతోంది. నీళ్లు చిమ్ముతూ సాన సన్నగా రొద చేస్తోంది. ఆమె ఆపలేదు. అతను వేరే పీట లేక, అద్దాల పెట్టెల పక్కన గొంతుక్కూర్చున్నాడు. అలా కూర్చున్నా అతని తల ఆమె భుజం దాకా వచ్చింది.

కావాలని అలా చేశానని అత్తయ్య అనుకుంటోందని అన్నాడు. కోపంలో అన్న మాటని, అవి మనసులో పెట్టుకోకూడదని అమ్మ చెప్పింది. మనసులో పెట్టుకోకపోతే మరి గదెందుకని అతనడిగాడు.

సాన ఆగింది.

"అన్నం పెట్టినవాళ్లు ఆ మాట ఒక్కసారి అంటే చాలు. రెండోసారి అనేదాకా మనం ఆగకూడదు." అద్దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. "అయినా నువ్వేం తప్పు చేశావని? బావకిచ్చావు. పరాయివాడికి ఇవ్వలేదుగా. నీకు నేను నేర్పిందే అది."

ఆ ఆఖరి మాట ఆమె గర్వంగానే అంది. అతనికది ఎక్కడో గుచ్చుకుంది.

నేర్పిందే అది. ఆమె ఎప్పుడూ కొట్టలేదు, కసరలేదు. పళ్లెంలో ఒక్కటి మిగిలినప్పుడు చెయ్యి చాచబోతే ఒక చూపు చూసేది, అంతే. కిటికీ పక్క సీటు, కొత్త పుస్తకాల అట్టలు, స్నానానికి వేడినీళ్లు, ఏదైనా ముందు బావకి. బావకు కురచైన చొక్కాలు తనకు వచ్చేవి. తను పొడుగు పెరిగిపోయాక అవీ సరిపోక మామయ్య కొత్తవి కొనాల్సి వచ్చింది. ఆ కొత్త చొక్కా తొడుక్కున్న రోజు అమ్మ ఏదో తప్పు జరిగినట్టు దిగులుగా కూర్చుంది. అతను ఆ ఇంట్లో దేనికీ ముందు చెయ్యి చాచని మంచిపిల్లాడిగా పెరిగాడు. అందరూ మెచ్చుకున్నారు. అత్తయ్య అందరికంటే ఎక్కువ మెచ్చుకుంది.

ఇప్పుడు ఆ మంచితనానికే ఇల్లు రెండు ముక్కలవుతోంది. ఎక్కడ పొరపాటు జరిగిందో ఎంత ఆలోచించినా అతనికి అంతుపట్టలేదు.

*

మధ్యాహ్నం క్లాసులయ్యాక కోచ్ మేడమ్ అతనొక్కణ్నే కోర్టుకు రమ్మంది. ఆవిడ అతని మోచేతి ఎత్తు ఉంటుంది. ఒకప్పుడు తనూ ఆడింది. మాట్లాడేటప్పుడు అతని మొహం వంక చూడ్డానికి మెడనొప్పి అని, అతని చొక్కా బొత్తంతో మాట్లాడుతుంది.

"మనం అయిదుగురం ఆడుతున్నామని నువ్వనుకుంటున్నావు. కాదు. నలుగురమే ఆడుతున్నాం. నీ దగ్గరుండాల్సినవాడు హాయిగా వెళ్లి మనవాళ్లలో ఇంకొకడి మీద పడుతున్నాడు. నీకెవరూ అడ్డుపడకపోవడం నీ గొప్ప కాదు నాయనా."

ముందు రింగు కిందే నిలబెట్టింది. ఒంటి చేత్తో వెయ్యమంది. బంతి కిందికి మోచెయ్యి రావాలి, బలం మోకాళ్ల నుంచి రావాలి, వదిలాక కూడా మణికట్టు బంతి వెంట వంగి ఉండాలి. అతను ఎగిరి వేశాడు. బంతి బోర్డు అంచుకు తగిలి కంచె దాకా పోయింది.

"ఎందుకో తెలుసా? నువ్వు పైకెళ్లి, అక్కడ తీరిగ్గా కూర్చుని, ఆలోచించుకుని, దిగొస్తూ వేస్తున్నావు. పైనున్నప్పుడే వదిలెయ్. అంత ఎత్తెగిరే కాళ్లు దేవుడిచ్చింది దిగేటప్పుడు వెయ్యడానికి కాదు."

మళ్లీ వేశాడు. మళ్లీ. కొంతసేపటికి బంతి వలలోంచి జారే చప్పుడు వినబడసాగింది. ఒకడుగు వెనక్కి జరిపింది. ఇంకో అడుగు. ఎడమచేత్తో వెయ్యమంటే మాత్రం ఆ చెయ్యి అద్దెకు తెచ్చుకున్నట్టు ఉంది. ఆవిడ నవ్వి, అది తర్వాత చూద్దామంది. తానే చేతులెత్తి అడ్డు నిలబడింది. ఆవిడ చేతులు అతని గడ్డం దాటలేదు గానీ, ఆ పక్కా ఈ పక్కా తోస్తూ ఊపిరాడనివ్వలేదు. అయినా వేశాడు. వేసిన ప్రతిసారీ లోపల చిన్న సంతోషం, దాని వెనకే ఎవరైనా చూశారేమోనన్న బెరుకు.

అప్పుడు గేటు చప్పుడైంది. బావ వస్తున్నాడు. చేతిలో, తిరిగిచ్చెయ్యడానికి మడతపెట్టిన జెర్సీ.

నిట్రాడు అప్పటికే గాల్లోకి లేచి ఉన్నాడు. ఎదురుగా రింగు ఉంది. ఏమైందో అతనికే తెలియదు. చేతులు వాటంతటవే తిరిగాయి. బంతి కోర్టు దాటి, గేటు దాకా, సూటిగా బావ వైపు పోయింది. బావ జెర్సీ కింద పడేసి రెండు చేతులా పట్టుకున్నాడు.

కోచ్ మేడమ్ బావ వంక చూసింది, నిట్రాడి బొత్తం వంక చూసింది.

"అదీ సంగతి. రోగం చేతిలో లేదు," అంది.

ఇంతకాలం జట్టు ఆటంతా బావ చేతి చుట్టూ తిరిగిందని, అది అందరికీ తెలిసిపోయి అతణ్ని కదలనివ్వడం లేదని, ఇక మీదట సగమైనా నిట్రాడి చుట్టూ తిప్పాలనుకుంటున్నానని ఆవిడ ఇద్దరితోనూ చెప్పింది. మర్నాడు జట్టు రెండుగా విడిపోయి ఆడాలి. వీళ్లిద్దరూ చెరో వైపు. జెర్సీ సంగతి ఆ తర్వాత మాట్లాడదామంది. విజిల్ మెడలో వేసుకుని వెళ్లిపోయింది.

ఇద్దరూ మిగిలారు. బావ బెంచీ మీద ఒక చివర కూర్చున్నాడు. నిట్రాడు ఇంకో చివర కూర్చోబోయి, బెంచీ పైకి లేస్తుందేమోనని భయపడి నేల మీద కూర్చున్నాడు.

"బావా, నువ్వయితే తప్పకుండా వేస్తావనే ఆ రోజు..."

"అబద్ధం." బావ గొంతులో కోపం లేదు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది. "నా మీద ఇద్దరున్నారు. నీ మీద ఈగ కూడా లేదు. కనపడలేదా?"

"కనపడింది."

"మరి?"

నిట్రాడు కోర్టు మీది గీతను వేలితో రుద్దాడు.

"నేను చెప్పనా? మెట్ల మీద నేనెదురైతే గోడకంటుకుపోయి దారిస్తావు చూడు. అలా ఇచ్చావు. చిన్నప్పట్నుంచీ అన్నీ అలాగే ఇస్తున్నావు. నేనెప్పుడైనా అడిగానా?"

"లేదు."

"అడక్కుండా ఇచ్చినవన్నీ నేను మొయ్యాలి. ఆఖరికి ఓటమి కూడా నాకే ఇచ్చావు. ఆ బంతి తప్పినందుకు కాదురా నేను తలుపేసుకుంది. నేనెంత బాగా ఆడినా, అది నువ్వు పక్కకి తప్పుకుంటే వచ్చిందేనా అని అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం పెట్టుకుని ఎట్లా ఆడను?"

నిట్రాడికి ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇవ్వడం ఎదుటివాడికి బరువవుతుందని అతనికెవరూ చెప్పలేదు. చెప్పడానికేముంది, ఆ ఇంట్లో అందరూ దాన్ని సుగుణమనే అనుకున్నారు.

మెల్లగా, అమ్మ అద్దెకు గది చూస్తోందని చెప్పాడు. బావ ఉలిక్కిపడ్డాడు. మేడ మీదికి ఆ సంగతి చేరలేదు. అత్తయ్య అన్న మాట కూడా చెప్పాల్సి వచ్చింది. బావ మొహం నల్లబడింది. వంగి బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"రేపు నేను నిన్ను దాటి బంతి వేశాననుకో. అత్తయ్య అన్నది నిజమవుతుంది," అన్నాడు నిట్రాడు.

బావ ఆలోచించాడు.

"మా అమ్మ సంగతి నాకు తెలీదా. వేసినా అంటుంది, వెయ్యకపోయినా అంటుంది. ఎలాగూ మాట పడేదే, వేసే పడు."

*

మర్నాటి ఆటలో మొదట్లో బావ అతనికి అడ్డే రాలేదు. చేతులు కట్టుకుని, నాలుగడుగులు వెనక్కి జరిగి, వేసుకో అన్నట్టు నిలబడ్డాడు. అంతకంటే అవమానం ఇంకోటి లేదు. నిట్రాడు వేశాడు. బంతి రింగును కాదు కదా, వలను కూడా తాకలేదు. కుర్రాళ్లు పగలబడి నవ్వారు. రెండోది బోర్డు వెనక్కి పోయింది. మూడోసారి చేతులు మళ్లీ ఎవరికోసమో వెతకబోయాయి. అతను కావాలని వాటిని ఆపుకున్నాడు. మోకాళ్లు వంచాడు. పైనున్నప్పుడే వదిలాడు. బోర్డుకు తగిలి, రింగు మీద ఎటూ తేలక ఒక క్షణం ఊగి, లోపల పడింది.

నవ్వులాగాయి. బావ చేతులు విప్పాడు. ఒకడుగు ముందుకు వచ్చాడు.

ఇంకోటి పడ్డాక ఇంకో అడుగు. ఆట సగానికి వచ్చేసరికి బావ అతని ఒంటికి ఒళ్లు ఆనించి, మోచేత్తో పొడుస్తూ, రొప్పుతూ, నిజంగా ఆపాలనే ఆపుతున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బావ అతన్ని అలా తొయ్యలేదు. తొయ్యాల్సిన అవసరం రాలేదు. నొప్పి పుడుతున్నా, నిట్రాడికి ఆ తోపులాట బాగుంది. తనూ భుజం ఆనించాడు. తిరిగాడు. బావ చాచిన చేతి మీదుగా ఎగిరి వేశాడు. పడింది.

దిగి నిలబడ్డాక, దొంగతనం చేసిన పిల్లాడిలా గుండె కొట్టుకుంది. బావ వంక చూశాడు. బావ అప్పటికే బంతి తీసుకుని పరిగెడుతున్నాడు. క్షమించడానికీ, నొచ్చుకోవడానికీ అతనికి తీరిక లేదు. ఆటలో ఇంత తేలిక ఉందని నిట్రాడికి అప్పుడే తెలిసింది.

తప్పినవీ చాలా ఉన్నాయి. ఎడమచెయ్యి అలాగే ఉంది. దూరం నుంచి వేసినవి ఎటో పోయాయి. అయినా రెండు వైపులా కలిపి చూస్తే ఆ రోజు అందరికంటే ఎక్కువ వేసింది అతనే. కోచ్ మేడమ్ పొగడలేదు. సగం తప్పాయని, అయినా గురి తప్పే హక్కు కూడా వేసేవాళ్లకే ఉంటుందని చెప్పి, ఎడమచేతి సంగతి చూడ్డానికి రేపట్నుంచి గంట ముందు రమ్మంది. ఆ తర్వాత జెర్సీ మాట ఎవరూ ఎత్తలేదు. బావ దాన్ని తొడుక్కునే ఇంటికొచ్చాడు.

*

ఆ సాయంత్రం బావ కిందికి దిగి భోజనానికి కూర్చున్నాడు. అత్తయ్య మొహం విప్పారింది. ఏమీ అడక్కుండానే రెండుసార్లు కూర వేసింది. మామయ్య, ముసలాయన పటం కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి బావ నవ్వాడు. అమ్మ ఆలస్యంగా వచ్చింది. ఎక్కడికెళ్లిందో ఎవరూ అడగలేదు. చేతులు కడుక్కుని, ఎప్పుడూ కూర్చునే చోటే, గోడ వారగా కూర్చుంది.

"ఆడారటగా," అంది అత్తయ్య, ఎవరితోననకుండా. "ఎవరెక్కువ వేశారేమిటి?"

నిట్రాడు బావ వంక చూశాడు. బావ నీళ్ల గ్లాసు ఎత్తి తాగుతున్నాడు. గ్లాసు ఖాళీ అయినా దించలేదు.

'బావే' అనడం ఎంత సులువో. ఆ రెండక్షరాలు నోటి చివరి దాకా వచ్చి కూర్చున్నాయి. అలా అంటే అందరూ హాయిగా తింటారు. అమ్మ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. బావ మాత్రం మళ్లీ మేడెక్కి తలుపేసుకుంటాడు.

"నేనే, అత్తయ్యా."

మామయ్య నమలడం ఆపాడు. గోడ వారగా అమ్మ చెయ్యి కంచంలో కదలకుండా ఉండిపోయింది. ఆమె కళ్లలోకి ఆ పాత చూపు వచ్చింది. పళ్లెంలో మిగిలిన ఒక్కదాని మీదికి చెయ్యి చాచినప్పటి చూపు. అతను చూశాడు. తల దించుకోలేదు.

"అవునమ్మా. నన్ను దాటుకునే వేశాడు. ఎంత తోసినా ఆపలేకపోయాను," అన్నాడు బావ.

అత్తయ్య గరిట పట్టుకుని నిలబడిపోయింది. కొడుకు మొహం వెతికింది. అందులో ఏం కనబడిందో ఏమో, నిట్రాడి మొహం వంక కూడా చాలాసేపు చూసింది. గరిట గిన్నెలో పెట్టేసి, ఆ పోటీ ఓడిపోయిన నాటి తర్వాత మొదటిసారి అమ్మ వైపు తిరిగింది.

"వదినా, ఆ గదికి మాట ఇచ్చేశావా?"

ఆ గొంతులో కోపం ఉందో, భయం ఉందో నిట్రాడికి తెలియలేదు. వెళ్లిపొమ్మంటోందో, ఉండమంటోందో బావకు కూడా తెలిసినట్టు లేదు. గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

అమ్మ జవాబు చెప్పలేదు. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో తమ ఇద్దరి తరఫునా మాట్లాడిన మనిషి, ఈసారి కొడుకు వంక చూసి, అతను ఏమంటాడోనని ఆగింది.